ఎముకల మీద సరిగమలు

పోయినేడాది మన బడి సంచికలో పిల్లలచేత శతక పద్యాలు కంఠతా పట్టించడం గురించి రాశాను. ఈసారి ఎముకల గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, నేను డాక్టర్ని కాను. వారమంతా కోడు రాసుకుంటూ, శనివారం పొద్దున్నే మార్కర్ల డబ్బా పట్టుకుని బడికి వచ్చే మీ మూడో స్థాయి మాస్టారినే.

చెప్పబోయేది 1929లో వచ్చిన ఒక బుల్లి బొమ్మల సినిమా గురించి. పేరు ‘ది స్కెలిటన్ డాన్స్’. వాల్ట్ డిస్నీ స్టూడియో వాళ్ళది. నలుపు తెలుపు, నిడివి సుమారు ఐదున్నర నిమిషాలు. ఇందులో మిక్కీ మౌస్ ఉండడు. మాటలు ఒక్కటంటే ఒక్కటి ఉండవు. ఉన్నదల్లా ఒక శ్మశానం, నాలుగు అస్థిపంజరాలు, కొన్ని జంతువులు, మొదటినుంచి చివరిదాకా సంగీతం.

“తెలుగు బడి సావనీరులో ఈ గోలేమిటండీ?” అని మా ఇంట్లోనే అడిగారు. మా క్లాసులో ఈ ఏడాది జరిగిన సంగతి చెప్పాలంటే ముందు ఈ సినిమా సంగతి చెప్పక తప్పదు. పైగా దీన్ని తీసినవాళ్ళు ఎవరో కాదు, మన మిస్సోరీ వాళ్ళే. ఆ వివరం కాసేపాగి చెబుతాను.

ముందు కథ. తెర నిండా రెండు గుండ్రటి కళ్ళు కనిపిస్తాయి. కెమెరా వెనక్కి జరిగితే అవి గుడ్లగూబవని తెలుస్తుంది. ఈదురుగాలి. చెట్టుకొమ్మ ఒకటి చెయ్యిలా సాగి దాన్ని హడలగొడుతుంది. అర్ధరాత్రి గంట గణగణ మోగుతుంది, గంటగోపురంలోంచి గబ్బిలాలు రెపరెపలాడుతూ బయటికొస్తాయి. ఒక కుక్క చంద్రుణ్ణి చూసి ఊళ పెడుతుంది. రెండు నల్లపిల్లులు సమాధిరాళ్ళ మీద కూర్చుని ఒకదాని ముక్కు ఒకటి లాక్కుంటూ పోట్లాడుకుంటూ ఉంటే, మధ్యలోంచి మెల్లిగా ఒక అస్థిపంజరం లేస్తుంది. పిల్లులు పరుగో పరుగు!

అక్కడిదాకా భయమే. ఆ తర్వాత చూడాలి తమాషా. గుడ్లగూబ కూత వినేసరికి అస్థిపంజరమే ఉలిక్కిపడుతుంది. ఒళ్ళు మండి, తన తలకాయ తానే పీకి గుడ్లగూబ మీదికి విసిరేస్తుంది. పాపం గుడ్లగూబ ఈకలన్నీ రాలిపోతాయి. పిల్లలకి భయం వదిలి నవ్వు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. దయ్యం కూడా జడుసుకుంటుందని తెలిశాక ఇంక దయ్యానికి ఎవరు భయపడతారు?

ఆ తర్వాత నాలుగు అస్థిపంజరాలు వరసగా నిలబడి నాట్యం మొదలుపెడతాయి. ఒకటి ఇంకోదాని తొడ ఎముకలు పీకి, వాటినే కర్రలుగా పట్టుకుని దాని ఒంటి మీద జైలోఫోన్ వాయించేస్తుంది. ఇంకొకటి పిల్లిని పట్టుకుని దాని తోకని తీగలాగా లాగి ఫిడేలు చేసేస్తుంది. ఇంతలో కోడి కూస్తుంది. తెల్లవారిపోతోందని నాలుగూ కంగారుపడి, ఒకదాన్నొకటి గుద్దుకుని, అన్ని కాళ్ళూ చేతులూ కలిసిపోయిన ఒకే ఒక్క వింత జంతువై సమాధిలోకి దూకేస్తాయి. హడావిడిలో రెండు పాదాలు మాత్రం బయటే ఉండిపోతాయి. అవి గబగబా వచ్చి సమాధిరాయిని తడితే, లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి వాటిని లోపలికి లాక్కుంటుంది. అంతే సినిమా.

ఇక మిస్సోరీ సంగతి. మనం సెయింట్ లూయీస్‌లో ఐ-70 ఎక్కి పడమటికి నాలుగు గంటలు పోతే కాన్సాస్ సిటీ. వాల్ట్ డిస్నీ పుట్టింది షికాగోలో అయినా పెరిగింది మన రాష్ట్రంలోనే. ముందు మార్సెలీన్ అనే పల్లెటూళ్ళో, తర్వాత కాన్సాస్ సిటీలో. సంగీతం కూర్చిన కార్ల్ స్టాలింగ్ పుట్టింది కాన్సాస్ సిటీకి తూర్పున ఉన్న లెక్సింగ్టన్‌లో. మూకీ సినిమాల రోజుల్లో కాన్సాస్ సిటీలోని ఐసిస్ థియేటర్లో తెరమీద బొమ్మ ఆడుతూంటే కింద కూర్చుని ఆర్గన్ వాయించేవాడు. ఇక బొమ్మలు గీసిన అబ్ ఐవర్క్స్ అచ్చంగా కాన్సాస్ సిటీలో పుట్టినవాడే. తండ్రి జర్మనీనుంచి వలస వచ్చిన మనిషి. అందుకని కొడుక్కి ఉబ్బె అని వాళ్ళ వైపు పేరు పెట్టుకున్నాడు. ఆ ఉబ్బె కాస్తా అబ్ అయిపోయింది, ఇంటిపేరులో కూడా ఒక అక్షరం రాలిపోయింది. మన వెంకట సుబ్రహ్మణ్యం ఆఫీసులో ‘వెన్’ అయిపోయినట్టన్నమాట. వంద సంవత్సరాల క్రితం కూడా ఇదే తంతు!

డిస్నీ కాన్సాస్ సిటీలో పెట్టిన కంపెనీ 1923లో దివాలా తీసింది. దాంతో హాలీవుడ్ వెళ్ళిపోయాడు. మరుసటేడు ఐవర్క్స్ వెనకాలే వెళ్ళాడు. స్టాలింగ్ 1928లో కలిశాడు. ఆ ఏడాది నవంబరు 18న న్యూయార్కులోని కాలనీ థియేటర్లో ‘స్టీంబోట్ విల్లీ’ విడుదలైంది. మిక్కీ మౌస్‌కి పేరు తెచ్చింది అదే. బొమ్మకి శబ్దం అతికించినట్టు కుదరడం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు.

ఆ కుదర్చడం ఎంత కష్టమో మనకి ఇవాళ అర్థం కాదు. ‘స్టీంబోట్ విల్లీ’ సంగీతం మొదటిసారి రికార్డు చేసినప్పుడు ఆర్కెస్ట్రా ఒక దారి, బొమ్మ ఒక దారి పోయాయి. డబ్బంతా వృథా. రెండోసారి రికార్డింగు పెట్టుకోవడానికి డిస్నీ తన కారు అమ్ముకోవాల్సి వచ్చింది. ఈసారి ఫిల్ము మీదే ఎగిరే బంతి ఒకటి ముద్రించారు. బంతి కిందపడ్డప్పుడల్లా తాళం. దాన్ని చూసి వాయిస్తే అప్పుడు కుదిరింది.

ఇక్కడ నా ఇంజినీరు బుర్ర ఊరుకోదు, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. టాకీ సినిమా సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల లయ అనుకోండి, ఒక్కో దెబ్బకి 12 ఫ్రేములు. లయ నెమ్మదించి 90కి వస్తే ఒక్కో దెబ్బకి 16 ఫ్రేములు. అంటే సంగీతం ఏదైనా, కాలు నేల మీద ఎన్నో ఫ్రేములో పడాలో ముందే కాగితం మీద లెక్క కట్టేయొచ్చు. ఆ స్టూడియోలో విల్ఫ్రెడ్ జాక్సన్ అనే కుర్రాడు ఉండేవాడు. వాళ్ళమ్మ సంగీతం టీచరు. ఇంట్లో తాళం కొట్టే మెట్రోనోమ్ యంత్రం చూస్తూ పెరిగినవాడు కాబట్టి ఈ లెక్క అతనికి తట్టింది. అమ్మ సంగీత పాఠాలు కొడుకు ఉద్యోగంలో అలా పనికొచ్చాయి. పిల్లల్ని కర్ణాటక సంగీతం క్లాసులకి తిప్పే తల్లులందరూ ఈ ముక్క గుర్తుపెట్టుకోండి! ఐదున్నర నిమిషాలంటే దాదాపు 7,900 ఫ్రేములు. అన్నిటికీ ఆదితాళం వేసినట్టు లెక్క ఉండాల్సిందే.

అయితే ‘స్టీంబోట్ విల్లీ’లో పెత్తనం బొమ్మది. మిక్కీ ఏం చేస్తే సంగీతం అది వాయించాలి. స్టాలింగ్‌కి ఇది నచ్చలేదు. జీవితమంతా తెరమీద ఎవడు పరిగెడితే వాడి వెనకాల ఆర్గన్‌తో పరిగెత్తినవాడు కదా! సంగీతం ముందు నడవాలి, బొమ్మ వెనకాల రావాలి అని అతని వాదన. డిస్నీ ఒప్పుకోడు. చివరికి రాజీ కుదిరింది. మిక్కీ సినిమాల్లో బొమ్మ చెప్పినట్టు సంగీతం వింటుంది. ‘సిల్లీ సింఫనీలు’ అని ఇంకో వరస మొదలుపెట్టి, వాటిలో సంగీతం చెప్పినట్టు బొమ్మ వింటుంది. మేనేజరుకీ ఆర్కిటెక్టుకీ పడనప్పుడు రెండు ప్రాడక్టులు పుట్టడం మన కంపెనీల్లో చూస్తూనే ఉంటాం. ఇక్కడ మాత్రం రెండూ బాగుపడ్డాయి. ఆ రెండో వరసలో మొట్టమొదటిదే ఈ ఎముకల నాట్యం. పదేళ్ళలో మొత్తం 75 వచ్చాయి.

అస్థిపంజరాల ఆలోచన కూడా స్టాలింగ్‌దే. చిన్నప్పుడు పిల్లల పత్రికలో ఒక ప్రకటన చూసి, వాళ్ళ నాన్నని పావు డాలరు అడిగి ఒక ఆటబొమ్మ తెప్పించుకున్నాడట. అట్ట ముక్కలతో కీళ్ళు వదులుగా చేసిన అస్థిపంజరం. చంకల కింద తాడు దూర్చి, తాడు రెండు కొసలూ చెరొకళ్ళు పట్టుకుని లాగితే చిందులేసేది. మన తిరునాళ్ళలో దారం లాగితే కాళ్ళూ చేతులూ ఆడించే అట్టబొమ్మలు అమ్మేవాళ్ళు, గుర్తుందా? దాని చుట్టమే. ఆ పావు డాలరు సరదా పాతికేళ్ళు పైగా అతని బుర్రలో దాక్కుని ఉందన్నమాట.

సంగీతంలో కొంత స్టాలింగ్ సొంతం, కొంత నార్వే దేశపు ఎడ్వర్డ్ గ్రీగ్ రాసిన ‘మార్చ్ ఆఫ్ ది ట్రోల్స్’ నుంచి తీసుకున్నది. చాలామంది దీన్ని ఫ్రెంచి ఆయన సాఁ-సాన్స్ 1874లో రాసిన ‘డాన్స్ మకాబ్ర్’ అనుకుంటారు. ఎముకల చప్పుడుకి జైలోఫోన్ వాడింది ఆయనే కాబట్టి ఆ పొరపాటు సహజం.

ఐవర్క్స్ దాదాపు సినిమా అంతా ఒక్కడే గీశాడు. డిస్నీ మాత్రం, “ముఖ్యమైన భంగిమలు నువ్వు గియ్యి, మధ్యలోవి కుర్రాళ్ళు గీస్తారు” అన్న ధోరణిలో పోరుపెట్టేవాడు. ఐవర్క్స్ వినలేదు. మొదటి బొమ్మనుంచి చివరి బొమ్మదాకా తన చేత్తోనే పోవాలి. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి సీనియరు ఒకడుంటాడు, చూసే ఉంటారు. పని బంగారంలా చేస్తాడు, ఇంకొకళ్ళకి ఇవ్వమంటే ఒప్పుకోడు. ఆ కీచులాట పెరిగి 1930 జనవరిలో ఐవర్క్స్ బయటికి వెళ్ళిపోయాడు. అతని వెనకే స్టాలింగ్ కూడా. స్టాలింగ్ తర్వాత 1936నుంచి 1958దాకా వార్నర్ బ్రదర్స్‌లో బగ్స్ బన్నీ వగైరాలకి సంగీతం కూర్చాడు. ఐవర్క్స్ 1940లో మళ్ళీ డిస్నీ దగ్గరికే వచ్చాడు.

సినిమా తయారయ్యాక కొనేవాడు లేడు. డిస్నీ చిత్రాలు పంపిణీ చేస్తున్నాయన పెదవి విరిచాడు, మిక్కీలు ఇంకా కావాలన్నాడు. చివరికి లాస్ ఏంజిలస్‌లో కార్తే సర్కిల్ థియేటర్లో వేయించుకుంటే జనం పడీపడీ నవ్వారు. ఆ తర్వాత న్యూయార్కు రాక్సీ థియేటర్ తీసుకుంది, కొలంబియా సంస్థ పంపిణీకి ఒప్పుకుంది.

ఇప్పుడు మన బడికి వద్దాం.

మూడో స్థాయిలో ఈ ఏడాది పదకొండు మంది. అందరికీ గుణింతాలు వచ్చు, ఒత్తులు వచ్చు. ‘ఋషి’ అని రాయమంటే తడుముకోకుండా రాస్తారు. కానీ “పొద్దున లేచి ఏం చేశావురా?” అంటే గోడకేసి చూస్తారు. అక్షరం వచ్చినంత తేలిగ్గా మాట రాలేదు. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లో మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు ఇంగ్లీషులో చెబుతారు, పని జరిగిపోతోంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎప్పుడు తెలుస్తుందంటే, ఇండియానుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు.

తెలుగు సినిమాల ముక్కలు చూపించి మాట్లాడించే ప్రయత్నం అంతకుముందు చాలామంది టీచర్లం చేశాం. పిల్లలు కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటారు. సబ్‌టైటిల్స్ తీసేస్తే పాత్రలు వాళ్ళకంటే బాగా మాట్లాడేస్తాయి కాబట్టి, ఇంక వాళ్ళు చెప్పడానికి ఏమీ మిగలదు. ‘స్కెలిటన్ డాన్స్’లో మాట్లాడేవాళ్ళే లేరు. ఏం జరిగిందో చెప్పాలంటే పిల్లలే చెప్పాలి. ఇంకో సుఖం ఏమిటంటే, 1929లో విడుదలైన సినిమా కాబట్టి 2025 జనవరి 1తో అమెరికాలో దీని మీద కాపీరైట్ తీరిపోయింది. ‘స్టీంబోట్ విల్లీ’కి అంతకుముందు ఏడాదే తీరింది. బడిలో వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పద్ధతి చాలా మామూలుది. అర నిమిషం సినిమా, ఆపడం, “ఏమైంది?” అని అడగడం. ఇంగ్లీషు రాకూడదు. మాట తెలియకపోతే నటించి చూపించొచ్చు, చప్పుడు చేసి చూపించొచ్చు. మొదటి రోజు బోర్డు మీద పడ్డవి తొమ్మిది మాటలు. అందులో రెండు ‘పిల్లి’, మూడు ‘భయం’.

రెండో వారం ఒక సంగతి గమనించాను. పిల్లలకి నామవాచకాలు, క్రియలు తట్టేలోపలే చప్పుళ్ళు వచ్చేస్తున్నాయి. గంట ఎలా మోగింది? గణగణ. గబ్బిలాల రెక్కలు? రెపరెప. ఎముకలు? ఒకమ్మాయి కటకట అంది, ఇంకో అబ్బాయి టకటక అన్నాడు, ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. గిర్రున తిరిగింది, చటుక్కున దాక్కుంది, దబ్బున పడింది, గబగబా పారిపోయింది... ఇవేవీ మన పాఠ్యపుస్తకంలో లేవు. ఇళ్ళల్లో మనం అన్నం తినిపించేటప్పుడు, తిట్టేటప్పుడు వాడిన మాటలు చెవిలో ఎక్కడో పడి ఉన్నాయి. సంగీతం దెబ్బ పడగానే పైకొచ్చాయి. స్టాలింగ్ మాట మా క్లాసులో కూడా నిలిచింది. ముందు చప్పుడు వచ్చింది, దాని వెనకాలే మిగతా వాక్యం నడిచి వచ్చింది. ‘గణగణ’ దగ్గర పెట్టుకుంటే ‘గంట గణగణ మోగింది’ అనడానికి ఎంతసేపు?

అస్థిపంజరం అన్న మాట మాత్రం ముప్పుతిప్పలు పెట్టింది. ఎవరికీ నోరు తిరగలేదు. అప్పుడు బోర్డు మీద దాన్ని రెండు ముక్కలు చేశాను. అస్థి అంటే ఎముక. పంజరం అంటే చిలకని పెట్టేది. “ఓ, బోన్ కేజ్!” అని అరిచాడొకడు. ఇంగ్లీషు వాడినందుకు జరిమానా వెయ్యబుద్ధి కాలేదు. జైలోఫోన్‌కి తెలుగేమిటని ఇంకొకళ్ళు అడిగారు. నీళ్ళ గిన్నెల మీద వాయిస్తే జలతరంగం, చెక్కల మీద వాయిస్తే కాష్ఠతరంగం అని చెప్పాను. వెనక బెంచీలోంచి “అయితే ఇది అస్థితరంగం!” అని వినపడింది. నిఘంటువులో ఉందో లేదో గానీ, మన బడిలో ఇప్పుడది పదమే.

మధ్యలో ఒక తండ్రిగారినుంచి మెయిలు వచ్చింది. “తెలుగు బడిలో శ్మశానాలు, దయ్యాలు అవసరమా మాస్టారూ? మంచి నీతి కథలు లేవా?” అని. ఆయన బాధ నాకర్థమైంది. కానీ మన తరం పెరిగింది దేని మీదండీ? చందమామలో బేతాళ కథల మీద! నెలనెలా విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలోంచి నడుస్తూంటే, నెలంతా ఎదురుచూసి చదువుకోలేదూ? ఆయనకి అదే రాశాను. చిన్న తరగతుల పిల్లలకి చూపించకూడదని, మా క్లాసులో ఇష్టంలేనివాళ్ళు లైబ్రరీ గదిలో కూర్చోవచ్చని బడి నిర్వాహకులు నిర్ణయించారు. ఎవ్వరూ వెళ్ళలేదు. ఆయనగారి అబ్బాయి అసలే వెళ్ళలేదు.

క్లాసులో ఇంకో అబ్బాయి ఉన్నాడు. తొమ్మిదేళ్ళు. రాతలో అందరికంటే ముందు, మాటలో అందరికంటే వెనక. వాళ్ళ నానమ్మగారు తెనాలినుంచి ఆరు నెలలకి వచ్చారు. “ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం అండీ, కానీ మాటలే లేవు” అని వాళ్ళమ్మ చెప్పింది. “తిన్నావా నాన్నా?” “యా.” “పడుకుంటావా?” “యా.” దసరాలకి వచ్చిన మనిషి సంక్రాంతి దాటేదాకా ఇంట్లో జరిగిన సంభాషణ అంతే. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు మార్చిలో ఉంది.

శనివారాలు ఇంట్లో ఒంటరిగా ఎందుకని ఆవిడ కూడా బడికి వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవారు. సినిమా మొదలుపెట్టిన రోజు, “శనివారం పూట శ్మశానమేమిటి బాబూ!” అన్నారు. “బొమ్మల సినిమానే పిన్నిగారూ, కాస్త చూడండి” అన్నాను. గుడ్లగూబ ఈకలు ఊడినప్పుడు ముందు నవ్వింది ఆవిడే. ఆలోచించి చూస్తే, ఆ గదిలో ఆవిడకీ మనవడికీ సమానంగా అర్థమైన సినిమా అదొక్కటే. ఇంట్లో టీవీలో మనవడు చూసేది ఆవిడకి తెలియదు, ఆవిడ చూసే సీరియల్ వాడికి తెలియదు. ఇక్కడ ఎవరూ ఎవరికీ అనువాదం చెప్పనక్కర్లేదు. మన చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ‘టామ్ అండ్ జెర్రీ’ చూసినట్టే.

ఐదో వారానికి కోడి కూసే ఘట్టానికి వచ్చాం. వాణ్ణి లేపాను. “కోడి కూసింది,” అన్నాడు. తర్వాత “ఎముకలు... ఎముకలు...” అని ఆగిపోయి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి మెలితిప్పి చూపించాడు. నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి ఆవిడ అందించారు. “చిక్కుపడిపోయాయి రా. పొద్దున్నే మీ అక్క జడలో పడుతుందే, చిక్కు, అది!” వాడు వెనక్కి తిరిగి చూసి, “ఎముకలు చిక్కుపడిపోయాయి” అన్నాడు. ఆ టర్ములో వాడి నోట నేను విన్న మొదటి పూర్తి వాక్యం.

అక్కడితో ఆగలేదు. మిగిలిపోయిన పాదాల దగ్గర పెద్ద తగువు వచ్చింది. “కాళ్ళు తలుపు తట్టాయి” అన్నాడు వాడు. “కాళ్ళతో అయితే తన్నడం అంటారు నాన్నా, తట్టేది చేత్తో” అన్నారు ఆవిడ. వాడు ఒప్పుకోలేదు. “కాదు నానమ్మా, కోపం లేదు. మెల్లిగా. ప్లీజ్ అని. తన్నలేదు, తట్టాయి!” క్లాసంతా రెండు పార్టీలైపోయింది. ఆ నాలుగు సెకన్లూ మూడుసార్లు వేసి చూపించాను. తీర్పు చెప్పమన్నారు, చెప్పలేదు. ఓట్లు పెట్టుకున్నారు. ‘తట్టాయి’కి ఏడు, ‘తన్నాయి’కి నాలుగు. “పోనీలే, నువ్వే గెలిచావులే” అని ఆవిడ వాడి వీపు మీద ఒకటి తట్టారు.

ఆ సాయంత్రంనుంచి ఇంట్లో రోజూ ఏదో ఒక దయ్యం కథ నడిచిందని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కాలవగట్టు పక్కన శ్మశానం ఉండేదట, చిన్నప్పుడు రెండో ఆట సినిమా చూసి ఆ గట్టు మీద చేతులు పట్టుకుని పరిగెత్తి వచ్చేవాళ్ళట. వాడికి ‘కాలవగట్టు’ తెలియదు, ‘రెండో ఆట’ తెలియదు. అడిగాడు, ఆవిడ చెప్పారు. ఆవిడ మార్చిలో వెళ్ళిపోయారు. ఆదివారాలు వాట్సాప్‌లో కథ ఇంకా నడుస్తోందిట.

వచ్చే టర్ములో ఉగాది ముందర ‘స్ప్రింగ్‌టైమ్’ వేద్దామనుకుంటున్నాం. అదీ 1929దే, అదే వరసలోదే. ఇందులో కప్పలు నాట్యం చేస్తాయి, వాటిని కొంగ మింగేస్తుంది. ఈసారి ఏ తండ్రిగారి మెయిలు వస్తుందో చూడాలి. ఇళ్ళకి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే దయచేసి వాళ్ళని కూడా బడికి తీసుకురండి, వెనక వరసలో కుర్చీలు చాలా ఉన్నాయి.

ఆ అబ్బాయి గీసిన బొమ్మ ఈ సంచికలో పిల్లల పేజీల్లో వేశాం. కాలవగట్టు, తాటిచెట్టు, గట్టు మీద పరిగెడుతున్న నలుగురు ఆడపిల్లలు, వెనకాల ఒక అస్థిపంజరం. అచ్చుకి ఇచ్చేముందు నానమ్మకి ఫోన్లో పంపించాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని లెక్కపెట్టి, పక్కటెముకలు రెండు తక్కువయ్యాయని చెప్పారట. వాడు వాటిని పెన్సిలుతో చేర్చాడు. దగ్గరగా చూస్తే కనిపిస్తాయి.